ఆ తుపాకీ ఎవరిది? నంబరు చెప్పేదెంత, చెప్పనిదెంత

బెంగళూరులో కాల్పుల వార్త వచ్చిందంటే టీవీ స్క్రోలింగులో ముందు కనిపించే ప్రశ్నలు రెండు: కాల్చిందెవరు, తుపాకీ ఎవరిది. మొదటిదానికి జవాబు సీసీటీవీల పుణ్యమా అని చాలాసార్లు త్వరగానే దొరుకుతుంది. రెండోది తేలడానికి వారాలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: "బండి నంబరు కొడితే ఓనరు పేరు వస్తుంది. తుపాకీ మీదా నంబరు ఉంటుంది కదా, ఇంత ఆలస్యం దేనికి?"

న్యాయమైన ప్రశ్నే. నంబరు ఉంటుంది, రికార్డూ ఉంటుంది. అయితే మన దేశంలో ఆ రికార్డు నడిచేది తుపాకీ పేరు మీద కాదు, మనిషి పేరు మీద. పైగా "ఎవరిది" అనే ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ముందు వాటిని విడదీసుకుంటే మిగతాది అర్థమవుతుంది.

## పేరు ఒకరిది, స్వాధీనం ఇంకొకరిది, కాల్చింది వేరొకరు

తుపాకీ ఎవరి లైసెన్సులో నమోదై ఉందన్నది మొదటి ప్రశ్న. ఇది కాగితం ప్రశ్న. దొరికిన సమయానికి ఎవరి అధీనంలో ఉందన్నది రెండోది. పోలీసులు పంచనామాలో రాసేది దీన్నే. దానితో కాల్చిందెవరన్నది మూడోది. ఇది సాక్ష్యాల ప్రశ్న.

ఈ మూడింటికీ జవాబు ఒకే మనిషి కావచ్చు, ముగ్గురు కావచ్చు. చట్టం శిక్షించేది ముఖ్యంగా రెండోదాన్నీ మూడోదాన్నీ. 1959 నాటి ఆయుధాల చట్టంలో అసలు నేరం "లైసెన్సు లేకుండా కలిగి ఉండటం". ఆ "కలిగి ఉండటం" అంటే ఏమిటో సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. తుపాకీ జేబులోనో బీరువాలోనో ఉండాల్సిన పని లేదు. వేరేవాళ్ల దగ్గర దాచినా సరే, అది అక్కడ ఉందని తెలిసి, దాని మీద అదుపు తనకే ఉంటే స్వాధీనం తనదే. అలాగే తెలియకుండా ఒకరి సంచిలో ఇంకొకరు పడేసిన తుపాకీ, అది తెలియనంతవరకు, ఆ సంచి మోసినవాడి స్వాధీనం కిందికి రాదు.

వార్తల్లో "లైసెన్సు రివాల్వర్‌తో కాల్పులు" అని చదివినప్పుడు మనకు తెలిసేది మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే. ఆచూకీ తీయడం అనే పని మొత్తం ఈ మొదటి ప్రశ్న కోసమే. మిగతా రెండింటికీ అది దారి చూపిస్తే చూపించవచ్చు, అంతే.

## లైసెన్సు మనిషికి, తుపాకీ అందులో ఒక ఎంట్రీ

మన దగ్గర వరుస ఇలా ఉంటుంది. ముందు మనిషి దరఖాస్తు పెట్టుకుంటాడు. మామూలు జిల్లాల్లో అయితే కలెక్టరు హోదాలో జిల్లా మేజిస్ట్రేటు, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనరు లైసెన్సింగ్ అధికారి. పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్సు వచ్చాకే ఆయుధం కొనాలి. కొన్నాక డీలరు పేరు, ఆయుధం రకం, బోరు, నంబరు, తేదీ లైసెన్సులో ఎక్కుతాయి. కొన్న ఆయుధాన్ని లైసెన్సింగ్ అధికారికి చూపించాలి.

బోరు అంటే గొట్టం లోపలి కొలత. .32 రివాల్వరు, 12 బోర్ తుపాకీ లాంటివి నిషేధం లేని బోరు కిందికి వస్తాయి. సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ. లాంటివి నిషిద్ధ బోరు. వాటికి అనుమతి కేంద్ర హోం శాఖ నుంచే రావాలి. కాబట్టి దొరికింది ఏ బోరు అన్నది చూడగానే ఏ ఆఫీసు తలుపు తట్టాలో సగం తేలిపోతుంది.

ఏళ్ల తరబడి ఇదంతా చేతిరాత రిజిస్టర్లలో ఉండేది. ఒక జిల్లా పుస్తకం ఇంకో జిల్లాకు తెలియదు. ఆ ఇబ్బంది తీర్చడానికే ఎన్‌డాల్ అనే జాతీయ డేటాబేస్ వచ్చింది. అందులో ప్రతి లైసెన్సుదారుకూ ఒక విశిష్ట సంఖ్య ఇస్తారు. దాన్ని యూఐఎన్ అంటారు. అది లేని లైసెన్సు చెల్లదని చెప్పి, గడువు మాత్రం పలుమార్లు పొడిగించారు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ యూఐఎన్ కూడా మనిషికి ఇచ్చిందే. ఆయన దగ్గరున్న ఆయుధాల వివరాలు దాని కింద వస్తాయి. పాత రిజిస్టరు నుంచి ఆ వివరాలు కంప్యూటర్లోకి ఎంత జాగ్రత్తగా ఎక్కించారన్న దాని మీదే తర్వాతి వెతుకులాట ఆధారపడుతుంది.

## తేలికైన కేసు: కొత్త .32 రివాల్వరు

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. వైట్‌ఫీల్డ్‌లో వ్యాపారం చేసే ఒక తెలుగాయనకు కమిషనరు లైసెన్సు ఇచ్చారు. ఆయన కాన్పూరులో తయారైన .32 రివాల్వరు డీలరు దగ్గర కొన్నారు. కొన్నాళ్లకు ఇంట్లో దొంగలు పడి అది పోయింది. ఆయన వెంటనే స్టేషనులో ఫిర్యాదు ఇచ్చారు. తర్వాత హోసూరు దగ్గర తమిళనాడు పోలీసులకు ఒక కుర్రాడి దగ్గర అది దొరికింది.

నంబరు చెక్కుచెదరలేదనుకుందాం. అప్పుడు పోలీసులకు రెండు దారులు. ఒకటి, దొంగతనం ఎఫ్‌ఐఆర్‌లో ఆ నంబరు ఉంది కాబట్టి పోయిన ఆయుధాల వివరాల్లో నేరుగా తగులుతుంది. రెండు, మొదటినుంచీ నరుక్కు రావడం: తయారీ ఫ్యాక్టరీని అడిగితే ఆ నంబరు ఏ డీలరుకు పంపారో చెబుతుంది, డీలరు స్టాకు రిజిస్టరు ఏ లైసెన్సు మీద అమ్మారో చెబుతుంది, లైసెన్సు నంబరు పట్టుకుని కమిషనరు ఆఫీసుకు వెళితే పేరు, అడ్రసు వస్తాయి.

ఇక్కడ పేరు వైట్‌ఫీల్డ్ ఆయనది, స్వాధీనం హోసూరు కుర్రాడిది. ఫిర్యాదు సమయానికి ఇవ్వడం వల్ల ఆయన ఒడ్డున పడ్డాడు. ఇవ్వకపోయి ఉంటే, "మీ తుపాకీ అక్కడికెలా వెళ్లింది?" అన్న ప్రశ్న ముందు ఆయన దగ్గరికే వచ్చేది. తన ఆయుధాన్ని వేరొకరికి వాడుకోవడానికి ఇచ్చారని తేలితే అదొక వేరే కేసు.

చేతులు మారడానికి చట్టబద్ధమైన పద్ధతి ఉంది. సొంతానికి వాడుకుంటున్న ఆయుధాన్ని ఇంకో లైసెన్సుదారుకు అమ్మాలంటే కొనేవారి పేరు, అడ్రసుతో ముందుగా అధికారులకు రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాలి. అలా జరిగినప్పుడు గొలుసు తెగదు. గొలుసు తెగేది ఇలాంటి అమ్మకాల్లో తక్కువ, చావుల్లో ఎక్కువ.

## చిక్కు కేసు: తాతగారి డబుల్ బ్యారెల్

బెంగళూరులో స్థిరపడ్డ రాయలసీమ కుటుంబాల్లో ఇది అరుదైన సంగతేమీ కాదు. హిందూపురం పక్క పల్లెలో తాతగారికి ఒక డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. పంట మీద పడే అడవిపందుల పేరు చెప్పి తీసుకున్న లైసెన్సు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషనులో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవారు. ఆయన పోయారు. ఇల్లు తాళం. కొడుకులు మారతహళ్లిలో, మనవడు ఇంకా దూరంలో. పాత బీరువా ఖాళీ చేస్తుంటే గుడ్డలో చుట్టిన తుపాకీ, అట్ట ఊడిన లైసెన్సు పుస్తకం బయటపడ్డాయి.

"పెదనాన్నా, ఇది ఇప్పుడు మనదేనా?" అని మనవడు అడిగితే, "మన నాయనదిరా, మనది కాక ఎవరిది?" అంటాడు పెదనాన్న. ఆస్తిగా చూస్తే ఆయన మాట తప్పు కాదు, వారసులకు హక్కు ఉంటుంది. కానీ లైసెన్సు పొలంలా వారసత్వంగా రాదు. లైసెన్సుదారు చనిపోయిన క్షణం నుంచి ఆ ఇంట్లో దాన్ని ఉంచుకోవడానికి ఎవరికీ అనుమతి లేనట్టే. చట్టంలోని 21వ సెక్షను ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి స్టేషనులోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా అమ్ముకోవచ్చు. బతికి ఉండగానే బదిలీ చేసే వీలూ ఉంది: 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా వారసుడికి లైసెన్సు అడగవచ్చు. ఈ సంగతి తెలిసి చేయించుకునేవాళ్లు మాత్రం తక్కువ.

ఇప్పుడు ఇదే తుపాకీ బీరువాలోంచి కాక ఎక్కడో నేరస్థలంలో దొరికిందనుకోండి, లైసెన్సు పుస్తకం లేకుండా. ఆచూకీ ఎలా తీస్తారు?

మొదటి ముడి నంబరులోనే. పాత దిగుమతి తుపాకుల్లో నంబరు ఒకే చోట ఉండదు. మడత దగ్గరుండే ఇనుప భాగం మీద ఒకటి, గొట్టాల అడుగున ఒకటి ఉంటాయి. తుపాకీ ఎన్నడూ విడిభాగాలు మార్చకపోతే రెండూ ఒకటే. గొట్టాలు మార్చి ఉంటే వేరు. నలభై ఏళ్ల కిందటి గుమస్తా ఏది చూసి రాశాడో ఎవరికి తెలుసు? గొట్టాల మీద ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో పరీక్ష చేసి వేసిన ముద్రలు ఉంటే, అవి సుమారుగా ఏ కాలంలో తయారైందో చెబుతాయి. ఎవరు కొన్నారో మాత్రం చెప్పవు. సాధారణ పౌరులు విదేశీ ఆయుధాలు తెప్పించుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి, అప్పటికే దేశంలో ఉన్న విదేశీ తుపాకులు చేతులు మారుతూ తిరుగుతున్నాయి. అలాంటివాటికి ఫ్యాక్టరీని అడగడమనే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

రెండో ముడి ఆఫీసు. లైసెన్సు ఇచ్చింది అనంతపురం కలెక్టరేటు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, కేంద్రం పుట్టపర్తి. ఇలాంటప్పుడు పాత ఫైలు ఏ ఆఫీసులో ఉందో ముందు తేల్చుకోవాలి. బెంగళూరు ఇన్‌స్పెక్టరు రాసిన లేఖ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో ప్రభుత్వాఫీసుల గుమ్మం తొక్కిన ఎవరికైనా తెలుసు.

మూడో ముడి, తాతగారు ఎన్‌డాల్‌లోకి ఎక్కకముందే పోయి ఉంటే ఆ తుపాకీ కంప్యూటర్లో కనిపించకపోవచ్చు. నాకు అన్నిటికంటే ఇదే పెద్ద లోపం అనిపిస్తుంది. దొంగచాటుగా ఏమీ చేయని కుటుంబం, ఒకప్పుడు పక్కా కాగితాలున్న ఆయుధం. ఒక చావు, ఒక వలస, అంతే, ఎవరిదీ కాని తుపాకీ అయిపోతుంది.

## నంబరు అరగదీస్తే?

నేరగాళ్లు ముందు చేసే పని ఆకురాయితో నంబరు గీకేయడం. సినిమాల్లో దాంతో కథ ముగుస్తుంది. నిజానికి ఉక్కు మీద నంబరు కొట్టినప్పుడు ఆ దెబ్బకు అడుగున లోహం కూడా నలుగుతుంది. పైన కనిపించే గీతలు పోయినా, నలిగిన పొర కొంత లోతు వరకు మిగిలి ఉంటుంది. బెంగళూరు మడివాళలోని ఫోరెన్సిక్ ప్రయోగశాల లాంటి చోట్ల నిపుణులు ఆ భాగాన్ని అద్దంలా నునుపు చేసి, రాగి క్లోరైడు, ఆమ్లం కలిసిన ద్రావణంతో మెల్లగా తుడుస్తారు. నలిగిన లోహం ఒకలా, నలగని లోహం ఇంకోలా కరుగుతుంది. కాసేపటికి అంకెలు మసకగా పైకి తేలతాయి. కొన్నిసార్లు అలా కనిపించి మాయమవుతాయి కూడా. అందుకే వెంటవెంటనే ఫొటోలు తీస్తారు. ఆరు అంకెల్లో నాలుగే తేలినా పనికొస్తుంది, ఎందుకంటే మిగతా రెండు స్థానాలకు వచ్చే నంబర్లన్నీ రాసుకుని రికార్డుల్లో వెతకవచ్చు. మరీ లోతుగా గీకేసినా, నంబరు మీద డ్రిల్లు పెట్టినా ఆశ తక్కువ.

చట్టం ఇక్కడ ఒక మెలిక పెట్టింది. నంబరు చెరిపేసిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే, చెరిపింది వాళ్లేనని 8వ సెక్షను ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన భారం వాళ్లదే.

## బుల్లెట్ చెప్పేది వేరే కథ

"బాలిస్టిక్ రిపోర్టు వస్తే తుపాకీ ఎవరిదో తెలుస్తుంది" అని చానళ్లు తరచూ అంటుంటాయి. తెలియదు. గొట్టం లోపల మెలికలుగా ఉండే గాడులు బుల్లెట్ మీద గీతలు పెడతాయి. ఫైరింగ్ పిన్ను ఖాళీ తూటా వెనక దెబ్బ ముద్ర వేస్తుంది. రెండు తూటాలను ఒకేసారి పక్కపక్కన చూపించే మైక్రోస్కోపు కింద పెట్టి, రెండూ ఒకే ఆయుధం నుంచి వచ్చాయా అన్నది నిపుణులు చెబుతారు. 12 బోర్‌కు లోపల గాడులే ఉండవు, గొట్టం నునుపు. దాంట్లోంచి వచ్చిన గుళ్లు ఏమీ చెప్పవు, ఖాళీ తూటా మాత్రమే చెబుతుంది.

దీనికి బెంగళూరు దగ్గరే ఉదాహరణ ఉంది. 2017 సెప్టెంబరు 5న రాజరాజేశ్వరి నగర్‌లో పాత్రికేయురాలు గౌరీ లంకేశ్ హత్య జరిగింది. వాడింది 7.65 మి.మీ. నాటు పిస్తోలు అని, 2015 ఆగస్టు 30న ధార్వాడలో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని చంపిందీ అదే ఆయుధమేనని ఫోరెన్సిక్ నివేదిక తేల్చింది. రెండు కేసులను కలపడానికి అది గట్టి ఆధారం. అయినా ఆ తూటాల్లో యజమాని పేరు లేదు. నాటు పిస్తోలుకు ఫ్యాక్టరీ లేదు, డీలరు లేడు, లైసెన్సు ఎంట్రీ లేదు. మనిషి దగ్గరికి చేరింది మామూలు దర్యాప్తు ద్వారానే.

తూటాల సంగతీ అంతే. పోలీసు రికార్డుల్లో "8 మి.మీ. కేఎఫ్" అని తరచూ కనిపిస్తుంది. కేఎఫ్ అంటే పుణె దగ్గర ఖడ్కీలోని ప్రభుత్వ కర్మాగారం ముద్ర. ప్రతి తూటాకూ విడి నంబరు ఉండదు. అది ఎవరి కోటాలోంచి బయటికి జారిందో ఆ ముద్ర చెప్పలేదు.

## పుస్తకం అసలుది, మనిషి కాదు

బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతో నిలబడే గార్డులను చూసే ఉంటారు. చాలాసార్లు ఆ తుపాకీ, లైసెన్సు గార్డు సొంతవే, అదీ వేరే రాష్ట్రంలో ఇచ్చినవి. ఇక్కడ నంబరు, పుస్తకం, మనిషి మూడూ సరిపోలినా ప్రశ్న మిగిలే ఉంటుంది: లైసెన్సు సవ్యంగా ఇచ్చారా? జమ్మూ కాశ్మీర్‌లో 2012 నుంచి 2016 మధ్య 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అర్హత లేనివారికి ఇచ్చారన్న ఆరోపణ మీద సీబీఐ దర్యాప్తు చేపట్టింది. అలాంటి కేసులో ఆచూకీ ఠక్కున దొరుకుతుంది, కానీ దొరికిన చివరి అడ్రసుకు అర్థం ఉండదు.

పుస్తకమే అక్కర్లేని మినహాయింపు ఒకటి కర్ణాటకలోనే ఉంది. కొడగులో కొడవ సముదాయం వారికీ, జమ్మా అనే పాత వంశపారంపర్య హక్కు భూములున్నవారికీ బ్రిటిష్ కాలం నుంచి లైసెన్సు అవసరం లేదు. ఆ మినహాయింపును కేంద్రం 2029 వరకు పొడిగించింది.

## అమెరికాలో తిరగేసి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బంధువులున్నవాళ్లకు ఇది ఆసక్తిగా ఉంటుంది. అక్కడ తుపాకుల జాతీయ రిజిస్టరు పెట్టకూడదని 1986 నాటి ఫెడరల్ చట్టమే చెబుతుంది. నేరంలో తుపాకీ దొరికితే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఉన్న ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలను చూసే ఫెడరల్ సంస్థ) కేంద్రం నంబరు పట్టుకుని తయారీదారును, హోల్‌సేలరును, దుకాణాన్ని వరసగా అడుగుతుంది. మూతబడ్డ దుకాణాల కాగితాలు గుట్టలుగా అక్కడికే చేరతాయి. అయితే ఆ దారి సాధారణంగా మొదట కొన్న మనిషి దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆ తర్వాత ఇద్దరు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకానికి చాలా రాష్ట్రాల్లో కాగితమే అక్కర్లేదు. వాళ్లకు రెండో యజమాని దగ్గర తెగేది, మనకు ఎక్కువగా పాత రిజిస్టరు దగ్గర తెగుతుంది.

## ప్రతి తుపాకీనీ వెంటాడాలా?

2019లో చట్టాన్ని సవరించినప్పుడు ఒకరి దగ్గర ఉండగలిగే ఆయుధాల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. బిల్లులో మొదట ఒక్కటే అన్నారు, అభ్యంతరాలు రావడంతో రెండు చేశారు. వారసత్వంగా వచ్చినవీ ఆ రెండులోనే. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు. వీటి సందడిలో పెద్దగా ఎవరూ మాట్లాడని ఇంకో మార్పు ఉంది: తయారీదారు నుంచి కొనుగోలుదారు దాకా ఆయుధాలను, తూటాలను క్రమపద్ధతిలో వెంటాడేలా నిబంధనలు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చారు.

లైసెన్సుదారులు దీన్ని అనుమానంగా చూస్తారు. తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం లైసెన్సు లేని ఆయుధాలతోనే జరుగుతున్నాయని జాతీయ నేర గణాంకాలు చెబుతుంటే, కాగితాలు సరిగ్గా ఉన్నవాడి మీదే మళ్లీ మళ్లీ కాగితాలు మోపడం దేనికన్నది వాళ్ల వాదన. షూటింగ్ క్రీడాకారులు, అడవి అంచున పొలాలున్న రైతులు ఈ మాట గట్టిగా అంటారు. బీహార్‌లోని ముంగేరు లాంటి చోట్ల దొంగచాటుగా తయారయ్యేవాటికి ఏ డేటాబేసూ వర్తించదన్నది కూడా నిజమే.

పోలీసుల వైపు నుంచి చూస్తే సంగతి ఇంకోలా ఉంటుంది. నాటు తుపాకీకి ఫ్యాక్టరీ తూటా కావాలి. ఆ తూటా ఎక్కడో ఒక లైసెన్సు కోటాలోంచో, డీలరు స్టాకులోంచో, ప్రభుత్వ గోడౌనులోంచో జారిందే. తుపాకీని వెంటాడలేకపోయినా తూటాల పెట్టెను వెంటాడితే దొంగ వ్యాపారం ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవచ్చన్నది వాళ్ల లెక్క. ఈ రెండో వాదన నాకు కాస్త బరువుగా తోస్తుంది. ఒక షరతు మీద: కొత్త తుపాకుల కోసం ఎంత మంచి సాఫ్ట్‌వేర్ పెట్టినా, అనంతపురం రిజిస్టరులో చేతిరాతతో ఉన్న పాత ఎంట్రీని గొట్టం కింది నంబరుతో ఎవరో ఒకరు కూర్చుని సరిచూడనిదే హిందూపురం డబుల్ బ్యారెల్ అందులో కనిపించదు.